2022 నుంచి చెరువులు మాయం: నీళ్లు పోయినయా, లెక్క తప్పిందా?

#1 మత్తడి_దుంకె
నర్సంపేట వైపు ఒక మండలంల చెరువులన్నిటికీ 2018 నుంచి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతోని నెలనెలా నీటి విస్తీర్ణం తీస్తున్న. పద్ధతి మామూలుదే, నీళ్లను పట్టే సూచిక ఎన్‌డీడబ్ల్యూఐ. గ్రీన్ బ్యాండుల నుంచి నియర్ ఇన్‌ఫ్రారెడ్ తీసేసి, రెండింటి మొత్తంతోని భాగించి, 0.2 దాటిందంతా నీళ్లు అనుకునుడు. 2021 ఆఖరు దాకా గ్రాఫు బుద్ధిగ ఉన్నది. 2022 ఫిబ్రవరి నుంచి చెరువులన్నీ ఒక్కసారే ఎండినట్టు చూపెడుతున్నది. అదే ఏడు జూలైల భద్రాచలం కాడ గోదావరి 71 అడుగులు దాటింది, మన దిక్కు మత్తళ్లు దుంకినయి. గ్రాఫు మాత్రం కరువు అంటున్నది.

ఇంకో తిరకాసు. 2022కి ముందు లెక్క కూడ రికార్డుతోని కలుస్తలేదు. ఒక చెరువు ఎఫ్‌టీఎల్ (నిండిన మట్టం) విస్తీర్ణం రికార్డుల 96 ఎకరాలు, నిండిన నెలల నాకు 106 వస్తున్నది. మిగతా చెరువులకూ అటుఇటుగ అదే నిష్పత్తిల ఎక్కువ. చిత్రాలు దించుకొని పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌ల చేస్తున్న, గూగుల్ ఆన్‌లైన్ల నడిపే ఎర్త్ ఇంజిన్ కాదు. ఏడ చూడాలె?

#2 కాజీపేట_జంక్షన్
చెరువు మాయమైతే ముందుగాల కట్ట మీద వెంచర్ బోర్డు పడ్డదేమో చూడన్నా. ఉపగ్రహం తర్వాత.

#3 సింగరేణి_బ్లాక్
2021 డిసెంబర్ల సెంటినెల్-1బి ఖరాబైంది గద. చిత్రాలు తక్కువై నెల సగటు దెబ్బతిన్నది. సింపుల్.

#4 పిక్సెల్_పంతులు
1బి రాడార్ ఉపగ్రహం. ఈయన వాడేది సెంటినెల్-2, అందులో 2ఎ, 2బి రెండూ 2022లో బాగానే తిరిగాయి. మూడో పోస్టు పక్కన పెట్టండి.

చూడాల్సింది 2022 జనవరి 25. ఆ రోజు నుంచి సెంటినెల్-2 చిత్రాలు తయారుచేసే పద్ధతి వెర్షన్, అంటే ప్రాసెసింగ్ బేస్‌లైన్ 04.00కి మారింది. అంతకుముందు పిక్సెల్ విలువను 10000తో భాగిస్తే, తిరిగివచ్చిన వెలుతురు వాటా, అంటే రిఫ్లెక్టెన్స్ వచ్చేది. అప్పటి నుంచి ప్రతి బ్యాండుకూ 1000 కలిపి ఇస్తున్నారు. బాగా నల్లటి చోట్ల దిద్దుబాటు తర్వాత విలువ సున్నా కిందికి పోతే అది కోతపడకుండా ఉండాలని. కాబట్టి ముందు 1000 తీసేసి, తర్వాత 10000తో భాగించాలి.

అది తీయకుండా ఎన్‌డీడబ్ల్యూఐ వేస్తే ఏమవుతుందో చూడండి. నీళ్ల మీద గ్రీన్ 800, ఎన్‌ఐఆర్ (నియర్ ఇన్‌ఫ్రారెడ్) 300 అనుకుందాం. తేడా 500, మొత్తం 1100, భాగిస్తే 0.45. అదే పిక్సెల్ కొత్త ఫైల్లో 1800, 1300గా ఉంటుంది. తేడా 500 అలాగే ఉంటుంది, మొత్తం మాత్రం 3100 అవుతుంది, భాగిస్తే 0.16. నీళ్లకు మీరు పెట్టిన గీత 0.2. నీళ్లు నేల కిందికి పోయాయి!

సున్నా దగ్గర గీత పెట్టుకున్నవాళ్లకు ఈ మార్పు కంటికి కూడా ఆనదు, ఎందుకంటే గుర్తు మారదు, విలువలు సున్నా వైపు కుంచించుకుంటాయి, అంతే. 0.2 పెట్టినందుకే మీకు దొరికింది.

#5 మత్తడి_దుంకె
ఇగ సమజైంది. 2022 జనవరి 25 తర్వాతి ఫైళ్లన్నిటికీ 1000 తీసేటట్టు తేదీ చూసి స్క్రిప్టు రాస్త.

#6 పిక్సెల్_పంతులు
తేదీ చూసి రాయొద్దు, ఇక్కడే చాలామంది రెండోసారి పడతారు. పాత చిత్రాలను కూడా కలెక్షన్-1 కింద బేస్‌లైన్ 05.00తో మళ్లీ ప్రాసెస్ చేసి పెట్టారు. 2018 చిత్రం ఇప్పుడు దించుకుంటే అందులోనూ ఆ 1000 ఉండొచ్చు. ఫైలు పేరు మధ్యలో ఎన్ అక్షరం, దాని వెనక నాలుగంకెలు ఉంటాయి. 0400, ఆపైన ఏదున్నా తీయాలి. ఇంకా పక్కాగా కావాలంటే మెటాడేటా ఎక్స్‌ఎంఎల్ తెరిచి బీఓఏ యాడ్ ఆఫ్‌సెట్ అని వెతకండి. ఉంటే -1000 అని రాసి ఉంటుంది. ఆ పంక్తే లేకపోతే తీయాల్సిన పని లేదు.

రెండు జాగ్రత్తలు. విలువ సున్నా ఉన్న పిక్సెల్ అంటే డేటా లేదని, దాన్ని ముట్టుకోవద్దు. 1000 తీశాక మైనస్‌లోకి పోయినవి లోతు నీళ్ల మీద తగులుతాయి, వాటిని 1 దగ్గర ఆపేయండి. లేకపోతే ఎన్‌డీడబ్ల్యూఐ 1 దాటి వింత అంకెలు వస్తాయి.

ఎర్త్ ఇంజిన్‌లో అయితే హార్మొనైజ్డ్ అని పేరున్న సేకరణ తీసుకుంటే వాళ్లే సరిచేసి ఇస్తారు.

#7 ఓరుగల్లు_పటం
106 సంగతి నేను చెప్త. నీ ప్రాజెక్టు వెనక గూగుల్ పటమో ఓపెన్ స్ట్రీట్ మ్యాపో ఉన్నది, అవునా? దాన్ని మొదట ఎక్కిస్తే ప్రాజెక్టు 3857లకు పోతది, అంటే వెబ్ మెర్కేటర్, గుండ్రటి భూమిని చదునుగ పరిచే ఒక ప్రొజెక్షన్. నువ్వు క్లిప్ చేసినప్పుడు రాస్టర్ కూడ అండ్లకే మారింది. ఆ ప్రొజెక్షన్ల భూమధ్యరేఖ నుంచి పైకి పోయినకొద్దీ విస్తీర్ణం ఉబ్బుతది. మన 18 డిగ్రీల కాడ 10.5 శాతం. 96ని 1.105తోని గుణించి చూడు.

#8 మత్తడి_దుంకె
106.08. ఓరి దేవుడా.

#9 ఓరుగల్లు_పటం
వరంగల్, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్, ఆదిలాబాద్ దేనికైనా యూటీఎం 44 ఉత్తరం, కోడ్ 32644. సెంటినెల్ ఫైలు వచ్చుడే అండ్ల వస్తది, దాన్ని కదిలియ్యకు. బోధన్ దిక్కు పోతే జర చూసుకో, 78 రేఖాంశం దాటి పడమటికి పోంగనే 43వ జోను.

పాలిగాన్ చేసి విస్తీర్ణం తీసెటోళ్లకు ఇంకో మాట. ఫీల్డ్ కాలిక్యులేటర్ల డాలర్ గుర్తుతోని మొదలయ్యే ఏరియా, ప్రాజెక్టుల ఎలిప్సాయిడ్ పెట్టి ఉంటే భూమి వంపు మీద లెక్కగడతది, సరిగ్గ వస్తది. జామెట్రీని లోపలికి ఇచ్చే ఏరియా ఫంక్షన్ మాత్రం లేయర్ ఏ ప్రొజెక్షన్ల ఉంటే అండ్లనే గుడ్డిగ లెక్కజేస్తది. రెండు కాలమ్‌లు పక్కపక్కన వేసి చూస్తె తేడా అక్కడికక్కడే దొరుకుతది.

#10 కాజీపేట_జంక్షన్
అంటే 3857ల భూమి అమ్మితే ఎకరానికి నాలుగు గుంటలు లాభం.

#11 వేదిక_నిర్వహణ
భూముల అమ్మకం వేరే విభాగంలో.

#12 లిస్4_అభిమాని
ఊరి చెరువుల కోసం పది మీటర్ల పిక్సెల్‌తో ఎందుకు కుస్తీ? రిసోర్స్‌శాట్ లిస్-4 ఉంది, 5.8 మీటర్లు, మన ఇస్రోదే, భూనిధి వెబ్‌సైటులో ఖాతా తెరిస్తే దొరుకుతుంది. 25 ఎకరాల గుండ్రటి చెరువు తీసుకోండి. చుట్టుకొలత సుమారు 1130 మీటర్లు. ల్యాండ్‌శాట్ 30 మీటర్లలో ఆ చెరువు మొత్తం 112 పిక్సెళ్లు, అందులో అంచు మీద పడేవే దాదాపు 38, అంటే మూడో వంతు. సెంటినెల్‌లో 1012కి 113, పదకొండు శాతం. లిస్-4లో 3000కి 195, ఆరున్నర శాతం. అంచు పిక్సెల్ అంటే సగం నీళ్లు సగం బురద, అటో ఇటో మన ఇష్టం. చెరువు చిన్నదయ్యేకొద్దీ ఈ వాటా పెరుగుతుంది. రెండెకరాల కుంటకు ల్యాండ్‌శాట్‌లో దక్కేది తొమ్మిది పిక్సెళ్లు.

#13 పిక్సెల్_పంతులు
లెక్క ఒప్పుకుంటాను, సలహా ఒప్పుకోను. లిస్-4లో గ్రీన్, రెడ్, ఎన్‌ఐఆర్ మూడే ఉన్నాయి, స్విర్ (షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్) లేదు. వానాకాలం చెరువులో ఎర్రమట్టి నీళ్లు ఉంటాయి. ఒండ్రు నీళ్ల మీద ఎన్‌ఐఆర్ కూడా పెరుగుతుంది. గ్రీన్ 1000, ఎన్‌ఐఆర్ 900 అనుకుంటే ఎన్‌డీడబ్ల్యూఐ 0.05, నీళ్లని చెప్పడానికి గుండె చాలదు. స్విర్‌ను మాత్రం ఎంత మురికి నీళ్లయినా దాదాపు పూర్తిగా మింగేస్తాయి. ఎన్‌ఐఆర్ బదులు స్విర్ బ్యాండు బి11 పెట్టే ఎంఎన్‌డీడబ్ల్యూఐ జూలై, ఆగస్టు, సెప్టెంబర్లలో నిలబడేది అందుకే. పైగా నెలనెలా వరస కావాలంటే ఐదు రోజులకోసారి వచ్చేది కావాలి. ఒక తేదీన పొందికైన పటం కావాలంటే లిస్-4, వరస కావాలంటే సెంటినెల్.

#14 లిస్4_అభిమాని
బి11 ఇరవై మీటర్లది. నా లెక్క ప్రకారం అదే చెరువుకు 253 పిక్సెళ్లకు 56 అంచువి, 22 శాతం. పదకొండు వదిలేసి ఇరవై రెండుకు పోతున్నారు. స్విర్ పుణ్యమా అని ల్యాండ్‌శాట్ దారి పట్టినట్టే.

#15 ఓరుగల్లు_పటం
ఇద్దరూ కొట్లాడకుండ్రి. రెండూ వాడొచ్చు. ముందు ఎంఎన్‌డీడబ్ల్యూఐతోని నీళ్లు ఉన్న ముద్దను పట్టుకో, దానికి చుట్టూ ఇరవై మీటర్లు పెంచు. ఆ అంచు పట్టీ లోపల మాత్రమే పది మీటర్ల ఎన్‌డీడబ్ల్యూఐని సున్నా గీతతోని కొయ్యి. మురికి నీళ్ల నడిమిభాగం స్విర్ చూసుకుంటది, అంచు గ్రీన్, ఎన్‌ఐఆర్ చూసుకుంటయి. అక్టోబర్ తర్వాత నీళ్లు తేరుకున్నంక ఉత్త ఎన్‌డీడబ్ల్యూఐ చాలు.

చిన్న లెక్క యాదుంచుకుంటె పని అల్కగ అయితది: సెంటినెల్ పిక్సెల్ ఒకటి 100 చదరపు మీటర్లు, మన గుంట 101. ఒక పిక్సెల్ అంటే ఒక గుంట, నలభై పిక్సెళ్లు ఎకరం. ల్యాండ్‌శాట్ పిక్సెల్ తొమ్మిది గుంటలు.

#16 మత్తడి_దుంకె
గుంట లెక్క మస్తున్నది. 0.2 తీసేసి ఓట్సు పద్ధతి పెట్టమని ఎవరో అన్నరు, గీత అదే దొరుకుతదట. పెట్టాల్నా?

#17 పిక్సెల్_పంతులు
ఓట్సు, ఏ విలువకు ఎన్ని పిక్సెళ్లో చూపే హిస్టోగ్రామ్‌లో రెండు గుట్టలున్నాయని నమ్ముతుంది, నీళ్ల గుట్ట ఒకటి, నేల గుట్ట ఒకటి. మండలం మొత్తం మీద నడిపితే నీళ్లు రెండు మూడు శాతం కూడా ఉండవు, గీత పత్తి చేలకూ బీళ్లకూ మధ్య పడుతుంది. ప్రతి చెరువుకూ విడిగా, చుట్టూ 200 మీటర్ల దాకా మాత్రమే కోసుకుని నడపండి. అప్పుడు కూడా మే నెలలో చెరువు అడుగంటితే రెండో గుట్ట ఉండదు. అది బురదనూ తుమ్మచెట్లనూ విడదీసి, బురదను నీళ్లని చెబుతుంది. వచ్చిన గీత -0.1 నుంచి 0.2 మధ్య లేకపోతే దాన్ని పారేసి సున్నా పెట్టుకోండి. నా మాటకొస్తే, ఊరి చెరువులకు ఓట్సు కంటే స్థిరమైన సున్నాయే నయం. ఏళ్ల మధ్య పోలికకు గీత కదలకపోవడమే ముఖ్యం.

#18 రాడార్_కన్ను
అసలు కథ ఎవరూ చెప్తలేరు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా మబ్బు. సెంటినెల్-2 మన మీదికి వచ్చేది పొద్దున పదిన్నర పదకొండు మధ్య, ఆ టైముకు నెలల ఒక్క శుభ్రమైన చిత్రం దొరికితే పండుగే. చెరువు నిండేది ఆ మూడు నెలల్లనే. సెంటినెల్-1 రాడార్ మబ్బుల్ల నుంచి చూస్తది, 12 రోజులకోసారి. నిలకడ నీళ్ల మీద కిరణం అద్దం మీద తగిలినట్టు అవతలికి పోతది, వెనక్కి రాదు, నల్లగ కనిపిస్తది. వీవీ పోలరైజేషన్ల (నిలువుగ పంపి నిలువుగనే అందుకునే కిరణం) -16 డెసిబెల్ కింద ఉంటే నీళ్లు అనుకోని మొదలువెట్టు, మీ చెరువు మీద హిస్టోగ్రామ్ చూసి అటుఇటు జరుపుకో. స్పెకిల్ (రాడార్ చిత్రంల చుక్కచుక్కల మచ్చ) పోవడానికి 3x3 మీడియన్ చాలు, 7x7 పెడితే చిన్న కుంటలు కరిగిపోతయి. ఆరోహణ, అవరోహణ కక్ష్యలు కలపకు, చూసే కోణం మారితే గీత మారుతది.

#19 పాకాల_పిట్ట
రాడార్‌కు నాట్లు వేసిన పొలం కూడా నీళ్లే. జూలై ఆఖరు నుంచి ఆగస్టు దాకా, మళ్లీ జనవరిలో యాసంగి నాట్లప్పుడు, ఆయకట్టంతా చెరువైపోతుంది. ఆప్టికల్‌లో కూడా అదే గోల, కొంచెం తక్కువ.

#20 రాడార్_కన్ను
కరెక్టే. దానికి మందు కాలం. నాటుకు ముందు దమ్ము చేసినప్పుడు వీహెచ్ (నిలువుగ పంపి అడ్డంగ అందుకునేది) దిగిపోతది, నారు దుబ్బు కడుతుంటె ఎక్కుతది, నలభై యాభై రోజుల్ల పూర్తిగ పైకి వస్తది. చెరువు నీళ్లు కిందనే ఉంటయి. వరుసగ నాలుగు తేదీలు, అంటే 36 రోజులు నల్లగ ఉన్న పిక్సెల్‌నే చెరువు కింద కట్టు. నాట్ల కాలంల చిన్న మోసం జరిగినా ఐదో చిత్రానికల్లా తేలిపోతది.

#21 ఓరుగల్లు_పటం
అంత దూరం పోకముందు కట్ట గీసుకోండ్రి. ఆయకట్టు ఉండేది కట్ట కింద. గూగుల్ ఎర్త్‌ల కట్ట వెంబడి గీత గీసి, తూముల దిక్కు ఉన్నదంతా కోసేస్తే నాట్ల మోసం సగానికి ఎక్కువ అక్కడనే పోతది. పై దిక్కు, నీళ్లు వచ్చే దిక్కు, మాత్రం గట్టిగ కోయొద్దు. నిండుకుండ ఏడాదిల నీళ్లు ఎఫ్‌టీఎల్ దాటి ఎనక్కి తంతయి, ఆడ ఓ యాభై మీటర్లు జాగా ఉంచు. మిగిలేది శిఖం భూమిల యాసంగి వరి. నీళ్లు ఎనక్కి పోయినకొద్దీ దున్ని నాటేది. దానికి రాడార్_కన్ను చెప్పిన 36 రోజులు పెట్టు.

#22 సింగరేణి_బ్లాక్
రాడార్‌కు ఇంకా పిచ్చి ఉన్నది. గోదావరిల ఎండిన ఇసుక నున్నగ ఉంటది, నీళ్ల లెక్క నల్లగ కొడ్తది. మంథని, కాళేశ్వరం దిక్కు రాడార్ ఒక్కదాన్నే నమ్మితే ఎండాకాలం నది నిండుగ కనపడ్తది. రన్‌వేలు, పెద్ద రోడ్లు కూడ అంతే. ఆడ ఆప్టికల్ తోడు లేకుండ పోవద్దు.

ఆప్టికల్‌కు మా దిక్కు ఓపెన్‌కాస్ట్ గనులు. బొగ్గు అన్ని బ్యాండ్లల నల్లగ ఉంటది, రెండు చిన్న అంకెలను భాగిస్తే ఏమైనా వస్తది. గని గోడ నీడ దానికి తోడు. కరీంనగర్ దిక్కు గ్రానైటు గుంతలయితే నిజంగనే నీళ్లు, కానీ చెరువులు కావు. జిల్లా మొత్తం లెక్క తీసెటోళ్లు చెరువుల పాలిగాన్ లేకుండ తీస్తే గనుల నీళ్లు కూడ సాగునీళ్లయి కూసుంటయి.

#23 రాడార్_కన్ను
లక్నవరం లాంటి గుట్టల నడుమ చెరువులకు రాడార్ నీడ కూడా తోడు. గుట్ట అవతలి వాలు నల్లగ పడ్తది. ఎత్తుల పటంల వాలు 5 డిగ్రీలు దాటిన చోటంతా తీసెయ్యండి, నీళ్లు వాలు మీద నిలబడవు.

#24 మత్తడి_దుంకె
నా వరసల ఇంకో రెండు చెరువులు ఉన్నయి. నీళ్లు నిండుగ ఉన్నా సగమే కనపడ్తున్నయి, 2022 కంటే ముందు కూడ. 1000తోని సంబంధం లేదు.

#25 పాకాల_పిట్ట
గుర్రపుడెక్క. లేదా తామర. ఉపగ్రహానికి ఆకు కనిపిస్తుంది, కింద నీళ్లు కనిపించవు. ఎన్‌డీడబ్ల్యూఐ, ఎంఎన్‌డీడబ్ల్యూఐ, రాడార్ మూడూ ఓడిపోతాయి. ఊరి మురుగు కలిసే చెరువుల్లో ఇది మామూలే.

పట్టుకోవడం ఇలా. ఎఫ్‌టీఎల్ గీత లోపల ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) 0.5 దాటిన పిక్సెళ్లు విడిగా తీయండి. అవి శిఖంలో వరి అయితే ఏప్రిల్ కోతలకు ఎన్‌డీవీఐ ధన్‌మని పడుతుంది. గుర్రపుడెక్క మే నెలలో చుట్టూ అంతా ఎండినా పచ్చగానే ఉంటుంది. దాని అంచు కూడా నిలకడగా ఉండదు, గాలి మళ్లినప్పుడల్లా చెరువులో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు జరుగుతుంది. రెండు వరస తేదీల చిత్రాలు మార్చి మార్చి చూస్తే కదలిక కంటికే తెలుస్తుంది. అలా తేలినదాన్ని నీళ్ల ఖాతాలో కలపండి, కానీ వేరే కాలమ్‌లో. నీళ్లు, నీళ్ల మీద ఆకు అని రెండు. పూడిక, మురుగు సంగతి మాట్లాడాలంటే ఆ రెండో కాలమ్‌లోని అంకెలే పనికొస్తుంది.

#26 శిఖం_శీను
సూటి ప్రశ్న. మా ఊరి చెరువు శిఖంల నాలుగైదు గుంటలు ఎవరో కలుపుకున్నరు. ఉపగ్రహ చిత్రం పెట్టి నిరూపించొచ్చా?

#27 ఓరుగల్లు_పటం
నాలుగైదు గుంటలంటే సెంటినెల్‌ల నాలుగైదు పిక్సెళ్లు, అవి కూడ అంచు మీద. చిత్రమే ఒక పిక్సెల్ దాకా జరిగి ఉండొచ్చు. కష్టం.

#28 పిక్సెల్_పంతులు
ఇంకో ముఖ్యమైన తేడా. ఎఫ్‌టీఎల్ అంటే ఉపగ్రహం చూసిన అత్యధిక నీటి విస్తీర్ణం కాదు. మత్తడి పైఅంచు ఏ మట్టంలో ఉందో, ఆ మట్టం చెరువు చుట్టూ నేలను ఎక్కడ తాకుతుందో ఆ కాంటూరు. లెవెల్ పెట్టి సర్వే చేస్తేనే వస్తుంది. వాన సరిగ్గా పడని ఐదేళ్ల చిత్రాలు పెట్టి ఇదే హద్దు అంటే చెరువుకే నష్టం. బఫర్ (హద్దు బయట ఖాళీగా వదలాల్సిన పట్టీ) లెక్క దాని తర్వాత: పది హెక్టార్లు, ఆపైన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు.

ఉపగ్రహం పనికొచ్చేది వేరే చోట. ఫలానా జాగాలో ఫలానా ఏడు నీళ్లు నిలిచాయా లేదా. అక్కడ ఎప్పుడూ నీళ్లు రాలేదని ఎవరైనా అంటే, పెద్ద వానలు పడ్డ ఏళ్ల చిత్రం చాలు. నాలుగైదు గుంటలకు గూగుల్ ఎర్త్‌లో పాత హై రిజల్యూషన్ చిత్రాలు తేదీతో సహా చూడండి, దాని మీద గ్రామ నక్ష, టిప్పన్ కొలతలు. కొలిచేది సర్వేయరే. చిత్రం ఏ ఏడు ఎక్కడ చూడాలో చెబుతుంది.

#29 శిఖం_శీను
ఏ ఏడాది చూడాలె?

#30 పిక్సెల్_పంతులు
2022 జూలై వరదల తర్వాతది ఒకటి. 2023 జూలై 27 తర్వాతది ఇంకొకటి, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసిన వాన, మోరంచపల్లి మునిగిన వాన. ఆ వారంలో మబ్బు తప్పదు, కాబట్టి రాడార్ చిత్రం, ఆ వెంటనే దొరికిన మొదటి శుభ్రమైన ఆప్టికల్ చిత్రం, రెండూ తీసుకోండి.

#31 సింగరేణి_బ్లాక్
ఇంతకీ నీళ్లు కనపడితే వాన పడ్డట్టు, కనపడకపోతే కరువు అని మాత్రం రాయకు మత్తడన్నా. మేడిగడ్డ కాడ 2023 అక్టోబర్ల పిల్లర్లు కుంగినంక నీళ్లు వదిలేసిన్రు, గ్రాఫు చూస్తే గోదావరి ఎండినట్టే. భద్రకాళి చెరువును 2024 నవంబర్ల పూడిక తీయనీకి ఖాళీ చేసిన్రు. దానికి ఉల్టా దేవాదుల నీళ్లు, ఎస్సారెస్పీ కాల్వ నీళ్లు వచ్చే చెరువులు వాన లేని ఫిబ్రవరిల నిండుతయి. ప్రతి చెరువుకు నీళ్లు ఏడికెంచి వస్తయో ఒక కాలమ్ పెట్టు.

#32 కాజీపేట_జంక్షన్
సింగరేణి భయ్ మూడో పోస్టు అప్పు ముప్పై ఒకటిల తీర్చిండు.

#33 పాకాల_పిట్ట
ఇదే దారంలో అడుగుతున్నా. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో గాలికి వేల చెట్లు పడ్డాయి కదా. ఎన్‌డీవీఐ తేడా తీస్తే పడ్డ మేర వస్తుందా?

#34 రాడార్_కన్ను
వెంటనే తీస్తే సరిగ్గ రాదు. పడ్డ చెట్టు ఆకు ఆ రోజే ఎండదు, పైనుంచి చూస్తే కొన్ని రోజులు పచ్చగనే ఉంటది. ఎండినంక చూద్దామంటే కింద పొదలు, గడ్డి వానలకు పైకి లేస్తయి. ఆ రెండింటి నడుమ సందు పట్టుకోవాలె. ఎన్‌డీవీఐ కంటే స్విర్ ఉన్న సూచిక మంచిది, ఎన్‌ఐఆర్‌తోని బి11 కలిపేది, ఆకుల తేమ ముందు పడిపోతది. పోలిక మాత్రం పోయినేడు అదే నెలతోని చెయ్యి. ఆగస్టును మార్చితోని పోల్చితే టేకు ఆకు రాల్చిన అడవంతా పడిపోయినట్టు వస్తది. ఇట్లాంటి పనికి ఎల్ బ్యాండ్ రాడార్ మంచిది, ఆకులు దాటి కొమ్మలు, మొద్దుల దాకా పోతది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి పోయిన ఉపగ్రహం నైసార్‌ల అది ఉన్నది, కానీ ఆ గాలి తర్వాతనే పోయింది గద.

#35 మత్తడి_దుంకె
చేసిన. ఫైలు పేరుల బేస్‌లైన్ అంకె చదివి 1000 తీసుడు, 32644, గీత సున్నా, కట్ట కింద కోత. 2022 ఆగస్టు నుంచి నవంబర్ దాకా అన్నీ నిండుగ వచ్చినయి. ఆ 96 ఎకరాల చెరువు అక్టోబర్ల 97. పోయిన జనవరిల ఉబ్బెత్తు ఒకటి మిగిలింది, శిఖంల నాట్లు అనుకుంటున్న, 36 రోజుల పద్ధతి ఇంకా పెట్టలే.

మబ్బు మాస్కుకు, ప్రతి పిక్సెల్ ఏందో అంకెతోని చెప్పే ఎస్‌సీఎల్ పొర వాడుతున్న. కొన్ని తేదీల్ల చెరువు నడుమ రంధ్రాలు పడుతున్నయి.

#36 పిక్సెల్_పంతులు
ఎస్‌సీఎల్ లోతు నీళ్లను అప్పుడప్పుడు 3, అంటే మబ్బు నీడ అనుకుంటుంది, లేదా 2, నల్లటి జాగా. మీరు 3ని కోసేస్తున్నారు, నీళ్లు కూడా పోతున్నాయి. మబ్బులు 8, 9, 10 తీసేయండి. 3ని మాత్రం దగ్గర్లో 8 గానీ 9 గానీ ఉన్నప్పుడే తీయండి. మబ్బే లేని రోజు నీడ ఎక్కడి నుంచి వస్తుంది? ఎర్త్ ఇంజిన్‌కు మారితే క్లౌడ్ స్కోర్ ప్లస్ ఉంది, అంకె పెరిగినకొద్దీ ఆకాశం శుభ్రమని అర్థం, 0.6 పైన ఉన్నవి ఉంచుకోండి, ఎస్‌సీఎల్ కంటే చాలా నయం.

#37 ఓరుగల్లు_పటం
నేల మీద ఒక్కసారన్న సరిచూసుకో. ఉపగ్రహం వచ్చే రోజు, లేకుంటే దానికి ఒక రోజు అటుఇటు, ఫోన్ల ట్రాక్ పెట్టి నీళ్ల అంచు వెంట నడువు. ఫోన్ జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు జరుగుతది, పిక్సెల్ పదే గాబట్టి సరిపోతది. చెట్ల కింద ఇంకా జరుగుతది. తూము కాడ గేజి ఉంటే ఆ అంకె ఫొటో తీసుకో. వానాకాలంల వారం తేడాతోని నడిస్తే ఆ నడక దండగ.

#38 మత్తడి_దుంకె
సరే. వరసను 2018 నుంచి ఎనక్కి, మిషన్ కాకతీయ 2015ల మొదలుకాకముందు పదేళ్లు గుంజుదామని ఉన్నది. ల్యాండ్‌శాట్ పెద్ద చెరువులకన్నా పనికొస్తది గద.

#39 లిస్4_అభిమాని
పాకాల, రామప్ప లాంటి పెద్దవాటికి 30 మీటర్లు హాయిగా సరిపోతుంది. పాతికెకరాల కింద వాటిని ల్యాండ్‌శాట్‌తో ముట్టుకోవద్దు, లెక్క పైనే చెప్పాను. ఇంకోటి, ల్యాండ్‌శాట్ 5 చిత్రాలు 2011 నవంబర్‌తో ఆగాయి, 8 ఎగిరింది 2013 ఫిబ్రవరిలో. 2012 మొత్తం ల్యాండ్‌శాట్ 7 ఒక్కటే, దానికి 2003 మే 31న స్కాన్ లైన్ పరికరం చెడి చారలు పడ్డాయి, చిత్రంలో దాదాపు 22 శాతం ఖాళీ. 2012కి లిస్-3 తీసుకోండి, 23.5 మీటర్లు, అందులో స్విర్ ఉంది. పంతులు గారికి కూడా నచ్చుతుంది.

#40 పిక్సెల్_పంతులు
నచ్చింది. ల్యాండ్‌శాట్ కలెక్షన్-2 లెవెల్-2 అయితే పిక్సెల్ విలువను 0.0000275తో గుణించి 0.2 తీసేయాలి, సూచిక ఆ తర్వాతే. అది మరిచిపోతే సెంటినెల్ 1000 లాంటి తలనొప్పే మళ్లీ.